ఉప్పు బోరు నీళ్ళతో కూరగాయలు: నీళ్ళ పరీక్ష నుంచి వానాకాలపు కడుగు దాకా

కాలువ నీళ్ళు కట్టేసిన నెలల్లో గుంటూరు, పొన్నూరు, బాపట్ల వైపు కూరగాయల రైతుకు బోరే దిక్కు. ఆ బోరు ఉప్పగా ఉంటే ఏం వేయాలి, ఎలా తడపాలి, జిప్సం వేస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతున్నారు. మొదటి పని నుంచి చివరి పని దాకా వరసగా ఇక్కడ ఇస్తున్నాం. వరస మార్చకండి. నీళ్ళు పరీక్ష చేయించకుండా జిప్సం కొనడం, మురుగు కాలువ తీయకుండా ఎక్కువ నీళ్ళు పెట్టడం లాంటివి డబ్బు పోగొట్టడమే కాదు, నేలనూ చెడగొడతాయి.

ముందు ఒక్క లెక్క చూడండి. ఈసీ (విద్యుత్ వాహకత, నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 2 ఉన్న నీళ్ళలో లీటరుకు దాదాపు 1,280 మిల్లీగ్రాముల ఉప్పులుంటాయి. ఎకరంలో అంగుళం మందాన నీళ్ళు పెడితే 1.03 లక్షల లీటర్లు, అంటే 130 కిలోల ఉప్పు. పంటకాలంలో 20 అంగుళాలు పెడితే 2,600 కిలోలు, అంటే యాభై కిలోల బస్తాలు 52. మొక్క నీళ్ళు తాగుతుంది, ఎండ నీళ్ళు లాగుతుంది, ఉప్పు మాత్రం దాదాపు అంతా నేలలోనే మిగులుతుంది. ఒక్క తడికి మొక్క చావదు. పదో తడికో పదిహేనో తడికో దెబ్బ కనిపిస్తుంది. అందుకే ఈ సాగంతా ఒక్క పని చుట్టూ తిరుగుతుంది: వచ్చిన ఉప్పును వేళ్ళ కిందికి దింపడం, దిగిన ఉప్పు బయటికి పోవడానికి దారి ఉంచడం.

1. నీళ్ళు పట్టే పద్ధతి

మోటారు వేసిన వెంటనే వచ్చే నీళ్ళు పైపులో నిలవున్నవి. వాటిని పట్టుకెళ్తే అంకె తప్పు వస్తుంది.

- మోటారు కనీసం 20–30 నిమిషాలు నడిచాక పట్టండి.
- లీటరు ప్లాస్టిక్ సీసాను అవే నీళ్ళతో మూడుసార్లు తొలవండి. మందు డబ్బా, కూల్‌డ్రింక్ వాసన పోని సీసా వద్దు.
- గాలి మిగలకుండా అంచుదాకా నింపి మూత బిగించండి.
- సర్వే నంబరు, బోరు లోతు, తేదీ రాసి అంటించండి.
- అదే రోజు, కుదరకపోతే మర్నాడు ప్రయోగశాలకు ఇవ్వండి. ఆలస్యమైతే బైకార్బొనేట్ అంకె మారిపోతుంది.

ఏడాదికి రెండుసార్లు చేయించాలి: మే నెలలో ఒకసారి, వానలు వెనకబట్టాక నవంబరులో ఒకసారి. ఒకే బోరు ఈ రెండు నెలల్లో రెండు రకాల నీళ్ళు ఇవ్వవచ్చు. పంట నిర్ణయం మే అంకెను బట్టి తీసుకోండి.

పరీక్షలో అడగాల్సినవి: ఈసీ, పీహెచ్, కార్బొనేట్, బైకార్బొనేట్, క్లోరైడ్, కాల్షియం, మెగ్నీషియం, సోడియం. ఒక్క ఈసీ, పీహెచ్ రాసిచ్చిన కాగితంతో సగం నిర్ణయాలు తీసుకోలేం.

2. అంకెలు చదవడం

ఈసీ. ప్రయోగశాల కాగితం మీద మీటరుకు డెసీసైమన్స్ అని గానీ, సెంటీమీటరుకు మిల్లీమోస్ అని గానీ రాస్తారు. రెండూ ఒకటే. మైక్రో సైమన్స్‌లో ఉంటే 1,000తో భాగించండి.

- 0.7 లోపు: ఏ కూరగాయకైనా బెంగ లేదు.
- 0.7 నుంచి 3 వరకు: పంట ఎంపిక, తడి పద్ధతి జాగ్రత్తగా ఉండాలి. మన బోర్ల గురించి వచ్చే ప్రశ్నల్లో చాలావరకు ఇక్కడివే.
- 3 దాటితే: నల్లరేగడిలో కూరగాయల ఆలోచన మానుకోండి. ఇసుక నేలలో, నీరు బాగా దిగే చోట, తట్టుకునే పంటలకే వాడొచ్చు.

టీడీఎస్ పెన్నుతో (నీళ్ళలో ముంచి ఉప్పు చూసే చిన్న మీటరు) చూసేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. చాలా పెన్నులు ఈసీని కొలిచి, దాన్ని 500తో గుణించి పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) చూపిస్తాయి. కొన్ని 640తో గుణిస్తాయి. పెన్ను మీద 1,000 కనిపిస్తే మొదటి రకంలో ఈసీ 2, రెండో రకంలో 1.56. టమాటాకు ఈ రెంటికీ చాలా తేడా ఉంది. పెన్నులో ఈసీ బటన్ ఉంటే అదే వాడండి. 1,413 మైక్రో సైమన్స్ ద్రావణం ప్యాకెట్లు దొరుకుతాయి. నెలకోసారి పెన్ను అందులో ముంచి సరిచూసుకోండి.

ఆర్‌ఎస్‌సీ. రెసిడ్యుయల్ సోడియం కార్బొనేట్, అంటే కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపి, అందులోంచి కాల్షియం, మెగ్నీషియం మొత్తాన్ని తీసేయగా మిగిలేది. అన్నీ లీటరుకు మిల్లీ ఈక్వివలెంట్లలో ఉండాలి. కాగితం మీద మిల్లీగ్రాముల్లో ఉంటే బైకార్బొనేట్‌ను 61తో, కార్బొనేట్‌ను 30తో, కాల్షియాన్ని 20తో, మెగ్నీషియాన్ని 12తో భాగించండి.

ఉదాహరణకు బైకార్బొనేట్ 488, కాల్షియం 40, మెగ్నీషియం 24, కార్బొనేట్ లేదు. అప్పుడు 8 లోంచి 2, 2 తీసేస్తే ఆర్‌ఎస్‌సీ 4. ఇది 1.25 లోపు ఉంటే మంచిది, 2.5 వరకు జాగ్రత్తగా వాడొచ్చు, అది దాటితే జిప్సం లేకుండా వాడకూడదు.

ఈ రకం నీళ్ళు మోసం చేస్తాయి. నోటికి ఉప్పగా ఉండవు, సబ్బు బాగా నురుగొస్తుంది, బట్టలు తెల్లగా వస్తాయి. మంచినీళ్ళే అనుకుని రెండు మూడేళ్ళు పెడతారు. ఈలోగా నేల బిగుసుకుపోయి, పైన నీళ్ళు నిలిచి, కింద ఎండగానే ఉంటుంది.

క్లోరైడ్, సోడియం. వీటిలో ఏదైనా 3 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే స్ప్రింక్లర్, రెయిన్ పైపు పక్కన పెట్టండి. క్లోరైడ్ విషయంలో అది లీటరుకు సుమారు 106 మిల్లీగ్రాములు. ఆకు మీద పడిన నీరు ఆరుతూ ఉంటే ఉప్పు ఆకులోకే దిగి అంచులు మాడతాయి.

3. నేలను మూడు రకాలుగా చూడండి

మొదటిది, మట్టి పరీక్ష. 0–15, 15–30, 30–60 సెంటీమీటర్ల లోతుల నుంచి విడివిడిగా మట్టి తీయండి. మూడూ కలిపితే ఉప్పు పైన ఉందో కింద ఉందో తెలియదు. పైన తెల్లగా పేరుకున్న పొరను గీకి విడిగా కట్టండి.

మట్టి కార్డు మీద ఉండే ఈసీ చూసి మోసపోకండి. అక్కడ ఒక వంతు మట్టికి రెండు, రెండున్నర వంతుల నీళ్ళు కలిపి కొలుస్తారు కాబట్టి ఉప్పు పల్చబడి కనిపిస్తుంది. వేరు చుట్టూ ఉండే అసలు ఉప్పు నల్లరేగడిలో దానికి సుమారు 3 రెట్లు, ఇసుక నేలలో ఇంకా ఎక్కువ. కార్డు మీద 0.8 ఉంటే నల్లనేలలో అది దాదాపు 2.4 అన్నమాట. కింద పంటలకు చెప్పే అంకెలన్నీ ఈ అసలు ఉప్పువే.

రెండోది, గ్లాసు పరీక్ష. ఎండిన మట్టిగడ్డ శనగగింజంత తీసుకోండి. గాజు గ్లాసులో వాననీళ్ళు గానీ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ గానీ పోసి, గడ్డను మెల్లగా వదిలి కదపకుండా మూడు నాలుగు గంటలు ఉంచండి. గడ్డ విరిగి అడుగున కుప్పగా కూర్చుని, పైన నీళ్ళు తేటగా ఉంటే సోడియం పీడ లేదు. గడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే సోడియం పట్టిన నేల. అలాంటి నేలకే జిప్సం కావాలి. బోరు నీళ్ళతో ఈ పరీక్ష చేయకండి, ఆ నీళ్ళలోని ఉప్పు మబ్బును ఆపేసి తప్పు ఫలితం ఇస్తుంది.

మూడోది, గుంత. చేలో పల్లంగా ఉన్న చోట మూడడుగుల గుంత తీసి ఒక రోజు వదిలేయండి. అందులో నీరు ఊరితే, మీరు ఎంత నీళ్ళు పెట్టి ఉప్పు దింపినా అది మళ్ళీ పైకి ఎగబాకుతుంది. డెల్టా పొలాల్లో చుట్టూ వరి ఉన్నచోట ఇదే జరుగుతుంది. అక్కడ ముందు మురుగు కాలువ, తర్వాతే మిగతా పని.

4. ఏ పంట వేయాలి

నీరు సరిగా దిగే నేలలో, అవసరానికి మించి 15–20 శాతం నీళ్ళు పెడితే, నేలలో ఉప్పు నీటి ఈసీకి సుమారు ఒకటిన్నర రెట్ల దగ్గర నిలుస్తుంది. అంటే 2 ఈసీ నీళ్ళతో నేల 3కు చేరుతుంది. ఆ 3 దగ్గర దిగుబడి సుమారుగా ఎంత తగ్గుతుందో చూడండి.

- ఫ్రెంచ్ బీన్స్: 38 శాతం
- ఉల్లి: 29 శాతం
- క్యారెట్: 28 శాతం
- ముల్లంగి: 23 శాతం
- మిరప, క్యాప్సికం: 21 శాతం
- వంగ: 13 శాతం
- కాబేజీ: 12 శాతం
- దోస: 6–7 శాతం
- టమాటా: 5 శాతం
- అలసంద, బీట్‌రూట్, గోరుచిక్కుడు: నష్టం లేదు

బెండను కూడా సున్నితమైన పంటల్లోనే లెక్కేసుకోవాలి. మన పాలకూర బీట్‌రూట్ కుటుంబానిదే కాబట్టి బాగా తట్టుకుంటుంది. ఉప్పు బోరు కింద ఆకుకూర కావాలంటే దానితో మొదలుపెట్టండి.

ఈ అంకెలు నీరు దిగే నేలకు వర్తిస్తాయి. మురుగు పోని నల్లరేగడిలో నష్టం ఇంతకంటే ఎక్కువ. నల్లనేల, ఈసీ 2 దాటిన బోరు, కాలువ తోడు లేదు అన్నప్పుడు మిరప, ఉల్లి, బీన్స్ వేయకండి. ధర ఎంత ఊరించినా సరే. ఆ మూడింటికీ మొలక దశలోనే సగం ఆశ పోతుంది.

5. దుక్కి, మురుగు, జిప్సం

చదును ముందు. రెండు మూడు అంగుళాల మిట్ట ఉన్నచోట నీరు తక్కువ దిగి, ఉప్పు అక్కడే పేరుకుంటుంది. చేలో తెల్లమచ్చలు ఎప్పుడూ మిట్టల మీదే ఎందుకు కనిపిస్తాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

తర్వాత చేను పల్లపు వైపు రెండు, రెండున్నర అడుగుల లోతున మురుగు కాలువ తీసి, ఊరి డ్రెయిన్‌లో కలపండి. పక్క చేలోకి వదిలితే గొడవే కాదు, ఆ ఉప్పు ఊటగా మళ్ళీ మీ చేలోకే వస్తుంది.

పశువుల ఎరువు ఎకరానికి 8–10 టన్నులు, బాగా చివికింది వేయండి. పచ్చిపేడ వద్దు. కోళ్ళ ఎరువులో ఉప్పు ఎక్కువ, దాన్ని ఇలాంటి చేలో బాగా తగ్గించండి.

జిప్సం లెక్క. ఒక అంగుళం నీటిలో ఒక యూనిట్ ఆర్‌ఎస్‌సీ తగ్గించడానికి ఎకరానికి 9 కిలోల స్వచ్ఛమైన జిప్సం కావాలి. పై ఉదాహరణలో ఆర్‌ఎస్‌సీ 4. దాన్ని 2కు దించాలి, పంటకు 20 అంగుళాల నీళ్ళు.

2 × 20 × 9 = 360 కిలోలు. మార్కెట్లో దొరికేది 80 శాతం నాణ్యతది అయితే 450 కిలోలు, అంటే 9 బస్తాలు.

మొత్తం ఒకేసారి వేయొచ్చు. మెత్తని పొడి తీసుకుని, చల్లి, పై నాలుగంగుళాల్లో కలిసేలా గొర్రు తోలి, వెంటనే తడి పెట్టండి. లోతుగా దున్ని కప్పేస్తే కింద వృథా అవుతుంది. ఇది నీటి లెక్క మాత్రమే. గ్లాసు పరీక్షలో మబ్బు వచ్చిన నేలకు, నేల తాలూకు జిప్సం అవసరం ప్రయోగశాల విడిగా చెబుతుంది. అది దీనికి కలపాలి.

ఆర్‌ఎస్‌సీ లేదు, మబ్బు రాలేదు, ఉన్నది ఉత్త ఉప్పు మాత్రమే అంటే జిప్సం వేయకండి. జిప్సమూ ఒక లవణమే. ఉత్త ఉప్పుకు మందు నీళ్ళు, మురుగు కాలువ. ఈ ఒక్క మాట తెలియక బస్తాలు బస్తాలు వృథా అవుతున్నాయి.

6. నారు

మొక్క జీవితంలో ఉప్పుకు చాలా సున్నితమైనవి మొలక దశ, నాటిన మొదటి రెండు వారాలు. మంచినీళ్ళు కొంచెమే ఉంటే అవి ఈ రోజులకే దాచండి. ఎకరం నారుకు కావాల్సిన నీళ్ళు కొనుక్కున్నా గిట్టుబాటే.

- ప్రోట్రేల్లో (నారు పెంచే గుంతల ప్లాస్టిక్ ట్రేలు) కొబ్బరి పొట్టు వాడేవాళ్ళు దాన్ని మంచినీళ్ళలో రెండు మూడుసార్లు నానబెట్టి పిండాలి. కడగని కొబ్బరి పొట్టులోనే ఉప్పు ఎక్కువగా ఉండొచ్చు. పిండిన నీళ్ళలో పెన్ను ముంచి ఈసీ 1 లోపుకు వచ్చాకే ట్రేలు నింపండి.
- నారు మామూలు కంటే నాలుగైదు రోజులు ముదరనివ్వండి. టమాటా 28–30 రోజులు, వంగ 35 రోజుల నారు లేతదానికంటే బాగా నిలబడుతుంది.
- నేరుగా గింజ నాటే అలసంద, గోరుచిక్కుడు, దోసకు విత్తనం 20–25 శాతం ఎక్కువ తీసుకోండి. మొదటి తడి మంచినీళ్ళతో ఇవ్వండి.

7. బోదె మీద మొక్క ఎక్కడ పెట్టాలి

బోదె నడినెత్తిన పెట్టకూడదు. కాలువలో పెట్టిన నీరు రెండు పక్కల నుంచి బోదెలోకి ఎక్కి, నెత్తిన ఆరుతుంది. నీటితోపాటు వచ్చిన ఉప్పు అక్కడే పేరుకుంటుంది. రెండు తడుల తర్వాత బోదె నెత్తిన తెల్లగా గీతలా కనిపించేది అదే. వేలితో గీకి నాలుక మీద పెట్టుకోనక్కర్లేదు, ఎండలో మెరుపు చూస్తే చాలు.

మొక్కను బోదె భుజం మీద, కాలువ నీరు తాకే మట్టానికి కాస్త పైన నాటండి. రెండు వరసల వెడల్పు బోదె అయితే వరసలు రెండు అంచులకు, నడుమ ఖాళీ. ఉప్పు ఆ ఖాళీలో చేరుతుంది. ఒంటి వరస అయితే మొక్క ఉన్న వైపు కాలువకే నీళ్ళు వదలండి, ఉప్పు అవతలి వైపుకు నెట్టుకుపోతుంది.

నాటాక వరిగడ్డి కప్పండి, లేదా 25–30 మైక్రాన్ల మల్చింగ్ షీట్ పరవండి. నేల నుంచి ఆవిరి తగ్గితే ఉప్పు పైకి రావడం తగ్గుతుంది. డెల్టాలో గడ్డికి కరవు లేదు, ఎకరానికి రెండు టన్నుల దాకా వాడొచ్చు.

8. తడి: ఎప్పుడు, ఎంత

చాలామంది చేసే తప్పు ఇక్కడే. నీళ్ళు ఉప్పగా ఉన్నాయని తడులు తగ్గిస్తారు. నేలలో తేమ సగం ఆరితే, మిగిలిన తేమలో ఉప్పు గాఢత రెట్టింపవుతుంది. మొక్కకు పక్కనే నీరున్నా తాగలేదు. ఉప్పు నీళ్ళ కింద నేల ఆరకూడదు. ఎనిమిది రోజులకు పెట్టే చోట ఐదారు రోజులకు, తక్కువ తక్కువగా పెట్టండి. డ్రిప్ అయితే ఎండాకాలం రోజూ నడపండి.

దానిపైన ఉప్పు దింపడానికి కొంత అదనపు నీరు కావాలి. దానికి సూత్రం ఇదీ:

అదనపు వంతు = నీటి ఈసీ ÷ (5 × పంట తట్టుకునే నేల ఈసీ − నీటి ఈసీ)

తట్టుకునే నేల ఈసీ: టమాటా, దోస 2.5, కాబేజీ 1.8, మిరప 1.5, ఉల్లి 1.2, వంగ 1.1, బీన్స్, క్యారెట్ 1.

1.5 ఈసీ నీళ్ళతో టమాటా అనుకుందాం. 1.5 ÷ (12.5 − 1.5) = 0.136, అంటే సుమారు 14 శాతం. పెట్టే ప్రతి వంద లీటర్లలో 14 లీటర్లు వేళ్ళ కిందికి దిగాలి. అదే నీటితో మిరప అయితే 25 శాతం.

ఇప్పుడు దీన్ని నిమిషాల్లోకి మార్చుదాం. ఎండలు ముదిరి, చేను కమ్ముకున్నాక టమాటాకు రోజుకు 5 మిల్లీమీటర్లు కావాలనుకుంటే ఎకరానికి సుమారు 20,200 లీటర్లు. 14 శాతం కిందికి దిగాలంటే 5.8 మిల్లీమీటర్లు, అంటే 23,500 లీటర్లు పెట్టాలి. లేటరళ్ళ (డ్రిప్ సన్న పైపుల) మధ్య 1.2 మీటర్లు, అంటే సుమారు 4 అడుగులు, డ్రిప్పర్ల మధ్య 40 సెంటీమీటర్లు, డ్రిప్పర్ గంటకు 2 లీటర్లు ఇస్తే ఎకరానికి గంటకు సుమారు 16,900 లీటర్లు. పంట అవసరానికి 72 నిమిషాలు, ఉప్పు దింపడం కూడా కలిపితే 84 నిమిషాలు. తేడా రోజుకు 12 నిమిషాలే. దాన్ని రోజూ కలపొచ్చు, లేదా పది రోజులకోసారి రెండు గంటలు అదనంగా నడపొచ్చు. నల్లరేగడిలో రెండోది మంచిది, రోజూ అదనంగా పెడితే వేరు ఊపిరాడక కుళ్ళుతుంది.

డ్రిప్ కింద ఉప్పు తడి గుండ్రం అంచుకు చేరుతుంది. దానివల్ల రెండు జాగ్రత్తలు.

- చిన్న వాన పడినప్పుడు డ్రిప్ ఆపకండి. పది, పదిహేను మిల్లీమీటర్ల జల్లు అంచున ఉన్న ఉప్పును వేరు మీదికి నెడుతుంది. జల్లు పడుతుండగానే డ్రిప్ నడిపితే ఉప్పు కిందికే పోతుంది. పెద్ద వాన పడితే ఆపొచ్చు.
- లేటరళ్ళ చోటు మార్చి రెండో పంట నాటకండి. పాత తడి అంచులో పడిన నారు వారంలో మాడుతుంది. మార్చక తప్పకపోతే ముందు ఏడెనిమిది గంటలు నీళ్ళు వదిలి దింపి, తర్వాత నాటండి.

బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్ళు డ్రిప్పర్లలో సున్నం పట్టిస్తాయి. పది పదిహేను రోజులకోసారి లేటరళ్ళ చివర్లు తెరిచి నీళ్ళు వదలండి. యాసిడ్ శుద్ధి చేయాల్సి వస్తే నీళ్ళలో యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు.

9. కాలువ నీళ్ళు, బోరు నీళ్ళు కలపడం

కాలువ ఉన్నన్నాళ్ళు, లేదా ఫారం పాండ్ (చేలో తవ్విన నీటికుంట) ఉంటే, కలిపి వాడొచ్చు.

బోరు 3.2, కాలువ 0.5, మనకు కావాల్సింది 1.4 అనుకోండి. కావాల్సిన అంకె లోంచి కాలువ అంకె తీస్తే 0.9. బోరు లోంచి కాలువ తీస్తే 2.7. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మూడో వంతు. అంటే ఒక పాలు బోరు, రెండు పాళ్ళు కాలువ. తొట్టిలోనే కలిపి, పెన్నుతో చూసి వదలండి.

తొట్టి లేకపోతే మార్చి మార్చి పెట్టండి. నాటినప్పుడు, మొదటి మూడు తడులు కాలువ నీళ్ళు. మొక్క కుదురుకున్నాక బోరు. పూత మొదలైనప్పుడు కుదిరితే మళ్ళీ కాలువ. రెంటిలో మా ఓటు ఈ రెండో పద్ధతికే. కలిపితే సున్నితమైన రోజుల్లోనూ మొక్కకు కాస్త ఉప్పు తగులుతూనే ఉంటుంది.

బాపట్ల తీరపు ఇసుక నేలల్లో దొరువు (ఇసుకలో తవ్వే లోతు తక్కువ నీటి గుంత) సంగతి వేరు. అక్కడ ఉప్పునీటి మీద మంచినీరు పల్చగా తేలుతుంది. లోతు బోరు దించి పెద్ద మోటారు పెడితే పైనున్న మంచినీరు అయిపోయి కింది ఉప్పు ఎగదన్నుతుంది. తక్కువ లోతు, చిన్న మోటారు, రెండు మూడు గంటలు తోడి మళ్ళీ ఊరే దాకా ఆపడం, ఇదే అక్కడి పద్ధతి. తోడేటప్పుడు గంటకోసారి ఈసీ చూడండి. పెరుగుతుంటే ఆపేయాల్సిందే. బాపట్లలోని ఉప్పునీటి సాగు పరిశోధనా కేంద్రం మెరుగైన దొరువు పద్ధతిని రూపొందించింది. తీరంలో కొత్తగా తవ్వే ముందు అక్కడ అడగడం మంచిది.

10. ఎరువులు

ఎరువూ ఉప్పే. ఒకేసారి గుప్పిస్తే ఉన్న ఉప్పుకు తోడవుతుంది.

- ఎర్ర పొటాష్ మానండి, అందులో దాదాపు సగం క్లోరైడే. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. ఖరీదు ఎక్కువే అయినా ఇక్కడ దానికి బదులు లేదు.
- యూరియాను మూడు దఫాలు కాకుండా ఐదారు దఫాలు చేయండి. డ్రిప్ ఉంటే వారానికోసారి.
- పీహెచ్ 8.5 దాటిన నేలలో జింక్ అందదు. లేత ఆకులు చిన్నవై పసుపు తిరిగితే లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ పిచికారీ చేయండి.
- టమాటాకు కాల్షియం నైట్రేట్ డ్రిప్‌లో ఇవ్వొచ్చు. సల్ఫేట్, ఫాస్ఫేట్ ఎరువులతో ఒకే ట్యాంకులో కలపకండి, గడ్డకట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

11. చేలో కనిపించే గుర్తులు, సవరణ

తేమ ఉన్నా మధ్యాహ్నం వాలడం. ఇది ఉప్పు కావచ్చు, వడలు తెగులు కావచ్చు. వాలిన మొక్క కాండాన్ని మొదలు దగ్గర ఏటవాలుగా కోసి, గ్లాసు తేట నీళ్ళలో వేలాడదీయండి. ఐదు నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి తీగ దిగితే బాక్టీరియా వడలు. ఆ మొక్క పీకేయాలి. ఏమీ దిగకపోయినా వెంటనే ఉప్పే అనుకోకండి, శిలీంద్రం వల్ల వచ్చే వడలుకు ఈ తీగ రాదు. కాండం నిలువుగా చీల్చి చూడండి, లోపల గోధుమరంగు చారలుంటే అదీ తెగులే. తెల్లగా శుభ్రంగా ఉంటే మట్టి ఈసీ చూడండి.

ముదురు ఆకుల కొనలు, అంచులు మాడడం. పొటాష్ లోపంలోనూ ఇలాగే ఉంటుంది. పొటాష్ లోపంలో ముందు అంచు పసుపు తిరిగి తర్వాత మాడుతుంది. ఉప్పులో కొన నుంచి నేరుగా మాడుతుంది, మిగతా ఆకు ముదురాకుపచ్చగా, మందంగా, చిన్నగా ఉంటుంది. చేలో మచ్చలు మచ్చలుగా, మిట్టల మీద ముందు కనిపిస్తుంది.

టమాటా కాయ అడుగు నల్లబడడం. ఉప్పు వల్ల కాల్షియం కాయ కొసదాకా చేరదు. లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ సాయంత్రం కొట్టొచ్చు, కానీ అసలు మందు తేమ ఆరకుండా చూడడం. నల్లబడిన కాయలు కోసేయండి, అవి బాగుపడవు.

మొలక అక్కడక్కడే రావడం. పై పొర గీకి తీసేసి, మంచినీళ్ళతో ఒక పలుచని తడి ఇచ్చి, ఖాళీల్లో మళ్ళీ విత్తండి. ఐదారు రోజులు దాటితే చేను ఎగుడుదిగుడవుతుంది, కోత సమయం కలవదు.

నీళ్ళు పెట్టినచోటే నిలిచి, ఆరాక నేల పెచ్చులు కట్టడం. సోడియం గుర్తు. గ్లాసు పరీక్ష మళ్ళీ చేయండి.

ఉప్పు ముదిరిన మచ్చల దగ్గర వెంటనే చేయాల్సిన పని వరసగా:

- రెండు దఫాల ఎరువులు ఆపండి.
- కాస్త మంచినీరు సంపాదించి, లేకుంటే ఉన్న నీటితోనే, సాయంత్రం పూట నెమ్మదిగా, ఎక్కువసేపు పెట్టండి.
- మురుగు కాలువ పూడిందేమో చూసి తీయండి.
- కాయలు కొన్ని కోసి మొక్క మీద భారం తగ్గించండి.
- ఐదు రోజులకు వేరు దగ్గర మట్టి ఈసీ మళ్ళీ చూడండి.

12. వానాకాలంలో కడగడం

వేసవి పంట అయ్యాక చేను ఖాళీగా వదిలేస్తే ఉప్పంతా పైకి వచ్చి కూర్చుంటుంది. జూన్ నాటికి గట్లు అడుగున్నర ఎత్తు చేసి, లోతుగా దున్ని, వాననీరు చేలోనే నిలిచేలా చూడండి.

ఎంత నీరు దిగాలన్నదానికి పనికొచ్చే కొలత ఉంది. ఒక అడుగు లోతు నేలలో, అర అడుగు నీరు దిగితే సగం ఉప్పు పోతుంది. అడుగు నీరు దిగితే 80 శాతం, రెండడుగులు దిగితే 90 శాతం. దిగాలి అన్నది ముఖ్యం. పైపైన పొర్లి పోయిన వాన దీని కిందికి రాదు. సోడియం ఉన్న నేలకు ఈ కడుగుకు ముందే జిప్సం వేయాలి, లేకపోతే నేల ఇంకా బిగుసుకుంటుంది.

నీరు దిగాక పదునులో జీలుగ ఎకరానికి 15 కిలోలు చల్లి, 45–50 రోజులకు పూత దశలో కలియదున్నండి. జీలుగ వేళ్ళు బిగిసిన నేలను విడగొడతాయి, తర్వాతి పంటకు నీరు దిగడం తేలికవుతుంది.

నవంబరులో మళ్ళీ మట్టి మూడు లోతుల్లో, బోరు నీళ్ళు ఒక సీసా. మే నెల కాగితం పక్కన పెట్టి పోల్చండి. పై అడుగులో ఉప్పు సగానికైనా దిగకపోతే వచ్చే వేసవి ఆ చేలో టమాటా, వంగ వద్దు. అలసంద, గోరుచిక్కుడు, పాలకూరతో ఒక పంట తీసి, ఈలోగా మురుగు కాలువ లోతు ఇంకో అడుగు పెంచండి.